గీతల్లేని బొటనవేలు

మా పిన్ని దరఖాస్తును ఇరవై ఆరేళ్ళ కిందట ఒక గుమాస్తా ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేశాడు. దానికి కారణం మా తాతయ్య బొటనవేలు.

అప్పటికి పిన్నికి పదిహేడేళ్ళు. బడి చదువు ఆఖరి పరీక్షలో స్కూలు మొత్తానికి మొదటి మార్కు ఆమెదే. సర్కారు యూనివర్సిటీలో ఆనర్సు క్లాసుకీ, మెరిట్ స్కాలర్‌షిప్పుకీ కలిపి ఒకటే ఫారం ఉండేది. ఆనర్సంటే వందలమంది కిక్కిరిసి కూర్చునే మామూలు డిగ్రీ క్లాసు కాదు. ఏరి తీసిన పద్దెనిమిది మందికి వేరే గది, వేరే లాబు, పేరు పెట్టి పిలిచే మాష్టార్లు. ఫారం చివర తండ్రి తన పనేమిటో, రాబడెంతో చెప్పి సంతకమన్నా పెట్టాలి, వేలిముద్రన్నా వెయ్యాలి. తాతయ్య తాపీ మేస్త్రీ. సంతకం రాదు. వేలిముద్ర వేశాడు.

ఏళ్ళ తరబడి ఇటుకా, సున్నమూ, సిమెంటూ పట్టిన వేలు అది. గులకరాయిలా నున్నగా ఉండేది. కాగితం మీద గుండ్రటి నల్లమచ్చ పడింది గాని ఒక్క గీత పడలేదు.

"ఇది వేలిముద్రా, ఇంకుబుడ్డి మూత అద్దావా?" అన్నాడు గుమాస్తా.

"మా నాన్నదేనండి. కావాలంటే ఆయన్నే తీసుకొస్తాను."

"తీసుకురా, మ్యూజియంలో పెడదాం" అని పక్క కుర్చీ వైపు చూసి నవ్వాడు. ఫారం మీద 'వేలిముద్ర చెల్లదు' అని రాసి వెనక్కి తోశాడు. ఈ వేలు ఈ మనిషిదేనని ఎవరైనా పెద్ద ఆఫీసరు చేత రాయించుకు రమ్మన్నాడు. పిన్ని రెండు రోజులు తిరిగి రాయించుకొచ్చింది. మూడో రోజు అదే కిటికీ ముందు నిలబడితే ఆయన తల కూడా ఎత్తలేదు.

"నిన్న సాయంత్రంతో అయిపోయింది" అన్నాడు.

అప్పటికి నేను పుట్టలేదు. అయినా ఆ గుమాస్తాను తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. పిన్నికి మండదు. మా ఇద్దరికీ మొదటి పేచీ అక్కడే.

మూడేళ్ళ తర్వాత అదే యూనివర్సిటీలో, కెమిస్ట్రీ లాబులో, గాజుసామాను కడిగే ఉద్యోగం దొరికింది ఆమెకు. ఏ పాఠం వినడానికి రానివ్వలేదో ఆ పాఠం అయ్యాక ఎంగిలి గిన్నెలు కడగడానికి రానిచ్చారు. ఇది నా మాట. పిన్ని మాట వేరు: "పాఠం వినిపిస్తుంది కదరా, కడిగే తొట్టి క్లాసు తలుపు పక్కనే."

ఇరవై ఏళ్ళు ఆ తొట్టి దగ్గర నిలబడింది. బ్యూరెట్లు, పిపెట్లు అనే కొలత గొట్టాలు, శంకువులాంటి కుప్పెలు. ఒక్కోటి మూడుసార్లు కడిగి వెలుతురుకెత్తి చూస్తుంది. గాజు శుభ్రంగా ఉంటే నీళ్ళు పొరలాగా జారిపోతాయట. మురికి ఉంటే చుక్కలు చుక్కలుగా పట్టుకుని వేలాడతాయట. మా ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఆమె చేతికిస్తే ముందు కిటికీ వైపు తిప్పి చూసి గాని తాగదు. మా అమ్మకు అది ఒళ్ళు మంట. "నా గ్లాసుల్లో నీకేం కనిపిస్తుందే?" అంటుంది.

"కనిపించకూడదనే చూస్తున్నానక్కా."

గ్లవ్సు వేసుకుంటే గాజు జారిపోతుందని వట్టి చేతులతోనే కడిగేది. ఆసిడ్లూ సోడాలూ తిని తిని ఆమె వేళ్ళూ నున్నబడ్డాయి. హాజరుకు వేలు పెట్టే యంత్రం వచ్చాక అది ఆమె బొటనవేలిని గుర్తుపట్టలేదు. చూపుడు వేలినీ పట్టలేదు. చివరికి ఎడమ చేతి చిటికెన వేలికి ఒప్పుకుంది. "మన వంశం నౌకరీ అంతా చిటికెన వేలి మీద నడుస్తోంది" అని తాతయ్య నవ్వుతాడు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా పిన్ని ఏదో ఒక వంక పెట్టింది. ఆ సంగతి ఆమెది, నేను రాయను.

నా సంగతి రెండు ముక్కల్లో చెప్తాను, లేకపోతే ముందు రాబోయే పుస్తకాలు ఎక్కడివో తెలియదు. నేను చదువు మధ్యలో మానేసి పాత కాగితాల కొట్లో పనికి కుదిరాను. కిలోల లెక్కన వచ్చే పుస్తకాల్లో బాగున్నవి పక్కకి తీసి చదువుతాను. అందుకే తాతయ్య నన్ను "ఏమోయ్ గ్రంథాలయం" అంటాడు. మా వాటా, వాళ్ళ వాటా పక్కపక్కనే. మధ్యలో ఒక తలుపు, దానికి గొళ్ళెం ఉండేది గాని ఎవరూ వెయ్యరు.

రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం పిన్ని ఆ తలుపులోంచి వచ్చి ఒక పుస్తకం నా ముందు పెట్టింది. యూనివర్సిటీ వాళ్ళ ప్రవేశాల పుస్తకం.

"ఆనర్సు పేజీ చూడు. వయసు గురించి ఏమన్నా రాశాడా?"

రెండుసార్లు చదివాను. పుట్టినతేదీ గడి ఉంది. ఇంత దాటకూడదని ఎక్కడా లేదు.

"లేదు" అన్నాను. "మర్చిపోయుంటారు. గుర్తొస్తే రాస్తారు."

"గుర్తొచ్చేలోపే పెట్టేస్తాను."

"పిన్నీ, నీకు నలభై ఒకటి."

"గడిలో పడుతుంది కదా, రెండంకెలే."

అప్పుడు నాకు తోచిందంతా కక్కాను. మెరిట్ అంటే ప్రశాంతంగా ఒక గదీ, అందులో ఒక బల్లా ఉన్నవాళ్ళకి పెట్టిన ముద్దుపేరు అన్నాను. జాబితాలు గోడకెక్కక ముందే తయారై ఉంటాయన్నాను. ఆమె అంతా విని, "అయితే కెమిస్ట్రీ పుస్తకాలేమన్నా వస్తే తీసిపెట్టు" అని వెళ్ళిపోయింది.

తీసిపెట్టాను. ఏం చేస్తాను.

ఉన్న చిక్కేమిటంటే, సీటొక్కటే వస్తే చాలదు. క్లాసులు పగలు. క్లాసుకి వెళితే పని సగం, జీతమూ సగం. ఆ సగంతో ఆమే, తాతయ్యా ఎన్నాళ్ళు బతుకుతారు? సీటూ కావాలి, స్కాలర్‌షిప్పూ కావాలి. పద్దెనిమిది సీట్లలో మొదటి ఆరుగురికే స్కాలర్‌షిప్పు. రాతపరీక్ష, లాబు పరీక్ష, ఇంటర్వ్యూ, మూడూ కలిపి వరుస కడతారు.

పది రోజులు సెలవు పెట్టి చదివింది. వంటగదిలో డబ్బాలకు పేర్లు తీసేసి రసాయనాల పేర్లు అంటించింది. ఉప్పు సోడియం క్లోరైడ్ అయింది, పంచదార సుక్రోజ్ అయింది. మా అమ్మ టీ పెట్టడానికి వెళ్ళి చదువుకోలేక ఏదో తెల్లగా ఉన్నది వేసింది. తాతయ్య ఒక గుక్క తాగి గ్లాసు కింద పెట్టాడు.

"అమ్మాయ్, ఇవాళ్టి పాఠమేంటి?"

"లవణాలు నాన్నా."

"తెలుస్తోంది."

నేను ప్రశ్నలడిగేవాణ్ణి. నేను తెచ్చిన పెద్ద పుస్తకంలో నూట పదకొండో పేజీ నుంచి నూట నలభై దాకా లేవు, ఎవరో చింపేశారు. "అవి వదిలెయ్, అవి అడగర్లే" అన్నాను, నేనే పేపరు తయారుచేసినట్టు.

రాతపరీక్ష బాగానే రాసింది. లాబు పరీక్ష నాడు జరిగింది ఆమె నోటి నుంచి విన్నదే రాస్తున్నాను. ఎందుకంటే అలాంటి తప్పు లోకంలో ఇంకెవరూ చెయ్యరు.

నలభై ఐదు నిమిషాల పరీక్ష. ఆసిడ్‌ను క్షారంతో కొలవాలి. కుప్పెలో ద్రవం లేత గులాబీరంగుకు తిరిగే చుక్క దగ్గర ఆపాలి. అలా మూడుసార్లు చేసి మూడు రీడింగులు రాయాలి. ఆ పనిని పిన్ని ఇరవై ఏళ్ళుగా తొట్టి దగ్గర్నుంచి చూస్తోంది. చేతికి బ్యూరెట్ తీసుకోగానే అలవాటుగా వెలుతురుకెత్తింది. లోపల చుక్కలు వేలాడుతున్నాయి. తను సెలవులో ఉన్న పది రోజులూ ఎవరో తాత్కాలిక మనిషి కడిగాడు.

కడగడం మొదలుపెట్టింది. బ్యూరెట్, పిపెట్, కుప్పె, మూడేసిసార్లు.

పక్క బల్ల దగ్గర, తలకి పసుపు క్లిప్పు పెట్టుకున్న ఒక అమ్మాయి తన కుప్పె పట్టుకొచ్చింది. "అక్కా, ఇది కూడా కాస్త కడిగిపెట్టవా?"

పిన్ని చేతులు ఆ కుప్పెను అందుకున్నాయి. చేతులే అందుకున్నాయంది, తను తర్వాత చూసుకుందట. వెనకాలే ఇంకొకరు, ఆ వెనక మరిద్దరు. నాలుగు కుప్పెలు కడిగి, వెలుతురుకెత్తి చూసి, వరసగా బోర్లించాక గడియారం చూసింది. ఇంక పదమూడు నిమిషాలు.

ఒక్కటే రీడింగు తీసింది. ఒక్కటే రాసింది.

"మిగతా రెండూ రాసెయ్యాల్సింది" అన్నాను. "ఒక చుక్క ఇటూ, ఒక చుక్క అటూ. ఎవడికి తెలుస్తుంది?"

"ఆ కాయితానికి తెలుస్తుందిరా."

"వాళ్ళెవరూ? నీతో పోటీకి వచ్చినవాళ్ళు! వాళ్ళ గిన్నెలు తోమిపెట్టావు నువ్వు!"

"నేను మాత్రం తోమాలని తోమానా? కడగమంటే కడిగేశాను." తర్వాత లేచి వెళ్ళి, ఉప్పు డబ్బా మీద కాగితం పీకి, ఉప్పు అని రాసి అంటించింది. అది చూసి నాకు నా నోటి మీద అసహ్యం వేసింది.

ఇంటర్వ్యూలో ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఆయన్ని లాబు వాళ్ళందరూ చుక్కల మాష్టారంటారు. రంగు తిరిగే సమయానికి పిల్లల వెనక నిలబడి "ఒక్క చుక్క! ఇంకొక్క చుక్క!" అని అరుస్తాడు గనక.

"ఒక్క రీడింగే రాశారేమమ్మా?"

"ఒక్కటే తీశానండి."

"తక్కినవాళ్ళు మూడేసి రాశారే."

"వాళ్ళల్లో నలుగురివి నేనే కడిగానండి. బాగానే వచ్చుంటాయి."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడట. తర్వాత బఫర్ ద్రావణాల గురించి అడిగాడు. అది సరిగ్గా ఆ చింపిన పేజీల్లోది.

"మా పుస్తకంలో ఆ పేజీలు లేవండి. కానీ సీసాలు కడిగేటప్పుడు చూశాను. అందులో కాస్త ఆసిడ్ పడినా దాని పీహెచ్ లెక్క అట్టే మారదు. ఎందుకో తెలీదు. తెలుసుకుందామనే వచ్చాను."

జాబితా గోడకెక్కిన రోజు నేనూ వెళ్ళాను. అలవాటు కొద్దీ కింద నుంచి చదివాను. పదహారో పేరు పిన్నిది. సీటొచ్చింది, స్కాలర్‌షిప్పు రాలేదు. నాలుగో పేరు ఆ పసుపు క్లిప్పు అమ్మాయిది.

"చూశావా? నువ్వు కడిగిన కుప్పెతో స్కాలర్‌షిప్పు కొట్టేసింది" అన్నాను.

పిన్ని ఆ పేరును కాసేపు చూసింది. "శుభ్రంగానే కడిగానన్నమాట" అంది.

ఆ జాబితా అడుగున చిన్న అక్షరాల్లో ఒక వాక్యం ఉంది. ఏడాది చివర మార్కులు చూసి ఆరు స్కాలర్‌షిప్పులూ మళ్ళీ కొత్తగా ఇస్తారట. నేను చూడలేదు, ఆమే చూసింది. నేరుగా ఇంటికొచ్చింది. తర్వాత తాతయ్య దగ్గర కూర్చుని, "నాన్నా, ఒక్క ఏడాది సగం జీతంతో లాగుదామా? రాకపోతే మళ్ళీ తొట్టి దగ్గరికే వెళ్తాను" అంది.

"తొట్టి ఎక్కడికీ పోదుగా" అన్నాడు తాతయ్య. "గోడ సగం లేపి దిగిపోయిన మేస్త్రీని చూశావా ఎక్కడన్నా?"

పొద్దున ఆరు నుంచి తొమ్మిది దాకా కడిగేలా, పది నుంచి క్లాసుకి వెళ్ళేలా చుక్కల మాష్టారు అనుమతి ఇప్పించాడు. అలా చెయ్యొచ్చని రూలు లేదని ఆఫీసులో అన్నారట. వద్దని మాత్రం ఏ రూలులో ఉందని ఈయన అడిగాడట.

మొదటి లాబు రోజున ఒక కుర్రాడు మామూలుగా కుప్పె చాచాడు. "అక్కా, ఇది..."

"ఆరు నుంచి తొమ్మిది దాకా కడుగుతానయ్యా" అంది పిన్ని. "ఇప్పుడు పది."

లాబంతా నవ్వింది. ఎక్కువ నవ్వింది పసుపు క్లిప్పు అమ్మాయి. ఆ అమ్మాయే తర్వాత పిన్ని పక్క బల్లకి మారింది. చింపిన ముప్ఫై పేజీలూ తన పుస్తకంలోంచి నకలు తీయించి తెచ్చింది. ఆదివారాలు మా ఇంటికొచ్చి పిన్నితో పాటు చదివేది. నేను మాట్లాడేవాణ్ణి కాదు. తాతయ్య మాత్రం "ఈ అమ్మాయే కదటోయ్ మన శత్రువు? టీ ఇవ్వు" అనేవాడు. ఆ అమ్మాయి బిక్కమొహం వేస్తే పిన్నే జరిగిందంతా చెప్పింది. ఆ పిల్ల టీ గ్లాసు కింద పెట్టింది. "అక్కా, నేను నిజంగా నువ్వు అటెండరనే అనుకున్నా" అంది.

"నిజంగా అటెండర్నే. అందుకే కదా కడిగాను."

ఏడాది ఎలా గడిచిందో అలా గడిచింది. తాతయ్య టీ రెండు పూటల నుంచి ఒక పూటకు వచ్చింది. పిన్ని చెప్పులకు మూడుసార్లు కుట్టు పడింది. మధ్యలో ఒక పరీక్షలో బాగా తక్కువొచ్చి, రెండు రోజులు ఇంట్లో ఉన్న గాజంతా కడిగింది. అద్దాలు, దీపం చిమ్నీ, ఖాళీ ఊరగాయ సీసాలు. మూడో రోజు మళ్ళీ పుస్తకం పట్టింది. ఆ మధ్యలో నేను పని మారి ఊరి అవతల గోడౌనుకు వెళ్ళాను. అక్కడే గది తీసుకున్నాను. వాళ్ళను చూడటం నెలకోసారి అయింది.

అందుకే రెండో జాబితా నేను చూడలేదు. పిన్నే ఫోను చేసింది.

"ఈసారి పైనుంచి చదవరా" అంది. "అయిదోది."

జాబితాల గురించి నేనెన్ని మాటలన్నానో అవన్నీ నాకు గుర్తున్నాయి. ఒక్కదాన్ని కూడా వెనక్కి తీసుకోను. ఇప్పటికీ చాలా జాబితాల విషయంలో అవి నిజమే. ఆ ఒక్క జాబితా మాత్రం వాటిల్లో పడలేదు.

పోయిన ఆదివారం వెళ్ళాను. తాతయ్య మంచం మీద కూర్చుని కుడి బొటనవేలిని గుడ్డతో తుడుచుకుంటున్నాడు. నీలంరంగు పోలేదు.

"ఏమోయ్ గ్రంథాలయం, మీ పిన్నే కాదు, నా వేలు కూడా పాసైంది" అన్నాడు.

ఇప్పుడు సీటుకి వేరే ఫారం, స్కాలర్‌షిప్పు తీసుకోవాలంటే వేరే ఫారం. ఈ రెండోదానికి మాత్రం అదే పాత చివరి గడి. పిన్నికి నలభై దాటాయి కాబట్టి తండ్రి వివరాలు అక్కర్లేదని కిటికీలో ఉన్న కొత్త గుమాస్తా చెప్పాడట. చిన్న వయసువాడు, మర్యాదగా లేచి నిలబడి చెప్పాడట. "గడి ఉంది కదా బాబూ, ఖాళీగా ఎందుకు" అని పిన్ని ఇంటికి తెచ్చుకుంది.

తాతయ్య మోకాళ్ళు పట్టేసి తాపీ వదిలి ఎనిమిదేళ్ళయింది. ఆ ఎనిమిదేళ్ళలో ఆయన్ని వేలిముద్ర అడిగినవాడు లేడు. ఆయన వేలిని ఎవరూ చూడలేదు, ఆయనా చూసుకోలేదు.

పిన్ని ఫారం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. బ్యూరెట్‌ని ఎత్తినట్టే దాన్ని వెలుతురుకెత్తి పట్టుకుంది. నేను పక్కన నిలబడి చూశాను. గడి మధ్యలో బొటనవేలి ముద్ర. సన్నటి గీతలు, ఒకదాని చుట్టూ ఒకటి, లెక్కపెట్టుకునేంత స్పష్టంగా.

"చూశావా, మళ్ళీ మొలిచాయి" అంది. "అప్పుడు గీతలు లేనిది ఈయన పనిలో ఉన్నాడు గనకరా. ఆ ఒక్క మాట ఆ రోజు కిటికీ దగ్గర నాకు తోచలేదు."

ఫారాన్ని జాగ్రత్తగా మడిచి సంచిలో పెట్టింది. తర్వాత నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు విప్పి, కాగితాల దుమ్ము పట్టిన బొటనవేలిని కిటికీ వైపు తిప్పి చూసింది.

"నీవి ఇంకా ఉన్నాయి. అరిగిపోకముందే నువ్వూ ఒక ఫారం తెచ్చుకో."